గాయం మీద నేరం మోపకండి

హత్యల సినిమా చివరికొచ్చేసరికి హంతకుడెవరో తేలితే చాలదు, వాడికి చిన్నప్పుడు ఏం జరిగిందో కూడా తేలాలి. తండ్రి కొట్టాడా, తల్లి వదిలేసిందా, బళ్ళో తోటిపిల్లలు ఏడిపించారా, కళ్ళముందే ఎవరైనా చచ్చిపోయారా, ఆ ముక్క తెలిస్తే గానీ కథ పూర్తయినట్టు అనిపించదు. అది చూపించిన సినిమా మనసు లోతుల్లోకి వెళ్ళిందని మెచ్చుకుంటారు. చూపించకపోతే హంతకుడి పాత్రలో బలం లేదని పెదవి విరుస్తారు. 'ది బాబడూక్' (2014), 'హెరిడిటరీ' (2018) లాంటివి వచ్చాక భయపెట్టే సినిమా అంటేనే పాత గాయం గురించిన సినిమా అనే మాట మరీ గట్టిపడింది. గాయాన్ని చూపిస్తే సానుభూతి ఉన్నట్టు, చూపించకపోతే లేనట్టు లెక్క. ఈ లెక్క తప్పని నా వాదన. గాయంతో హత్యను వివరించే పద్ధతి ముందుగా గాయపడ్డవాళ్ళకు అన్యాయం చేస్తుంది. ఆ పైన, హత్య జరిగిన ఊరిని ఒక్క ప్రశ్న కూడా అడగకుండా వదిలేస్తుంది. దీనికి సాక్ష్యంగా మన దగ్గర చాలామంది చూడని ఒక అమెరికన్ సినిమాను తీసుకుంటాను. పైపైన చూస్తే అదీ పాత గాయం కథే. దగ్గరగా చూస్తే ఆ కథను అంత పట్టుదలగా కాదన్న సినిమా ఇంకొకటి దొరకడం కష్టం.

ఆ సినిమా 'ఆలిస్, స్వీట్ ఆలిస్'. 1976లో మొదట చూపించినప్పుడు దాని పేరు 'కమ్యూనియన్'. ఆ తర్వాత ఇప్పటి పేరుతో విడుదలైంది. అందులో చిన్న పాత్ర వేసిన బ్రూక్ షీల్డ్స్ ఆ తర్వాత పెద్ద తార కావడంతో 1981లో 'హోలీ టెర్రర్' అనే మూడో పేరు తగిలించి మళ్ళీ వదిలారు. ఇన్ని పేర్లు మారిన సినిమా ఎవరి నోట్లోనూ నిలవలేదు. తీసిన ఆల్ఫ్రెడ్ సోల్ న్యూజెర్సీ రాష్ట్రంలోని ప్యాటర్సన్ వాడు, వృత్తిరీత్యా ఆర్కిటెక్టు, ఇటాలియన్ కతోలిక కుటుంబంలో పెరిగినవాడు. కథను రోజ్‌మేరీ రిట్వోతో కలిసి రాసుకుని తన సొంత ఊళ్ళోనే, 1961 నాటి కాలంలో నడిపించాడు. ప్యాటర్సన్ చిన్న ఊరు కాదు, మిల్లులున్న నగరం. కానీ సినిమాలో నగరం ఊసే ఉండదు. ఒక చర్చి, దాని బడి, ఫాదర్ ఇల్లు, నాలుగు కతోలిక కుటుంబాలు కాపురముండే ఇళ్ళు, అంతే. ఎవరు విడాకులు తీసుకున్నారో, ఎవరి పిల్ల మొండిదో, ఎవరు పెళ్ళికి ముందే తప్పటడుగు వేశారో అందరికీ తెలుసు. చిన్న ఊరి ఉక్కపోత అంటే ఇదే గనుక దీన్ని చిన్న ఊరి హత్యల కథగా చూడటంలో తప్పు లేదు.

కేథరిన్ అనే తల్లి భర్తతో విడిపోయి ఇద్దరు కూతుళ్ళతో ఉంటుంది. చిన్నది కేరెన్, తొమ్మిదేళ్ళది, అందరికీ ముద్దు. పెద్దది ఆలిస్, పన్నెండేళ్ళది, ఎవరికీ పట్టనిది. ఫాదర్ టామ్ తన తల్లి సిలువను కేరెన్‌కు కానుకగా ఇస్తాడు. మొదటిసారి దివ్యసత్ప్రసాదం పుచ్చుకునే రోజున కేరెన్‌ను పసుపుపచ్చ రెయిన్‌కోటు, ముఖానికి మాస్కు వేసుకున్న ఎవరో చర్చిలోనే గొంతు నులిమి చంపి, శవాన్ని బల్ల కింది పెట్టెలో కుక్కి, కొవ్వొత్తితో నిప్పు పెడతారు. ఆ మెడలోని సిలువను తెంపుకుపోతారు. పక్క గదిలో ఇది జరుగుతుండగానే చెల్లెలి మేలిముసుగు చేతపట్టుకుని ఆలిస్ వచ్చి, చెల్లెలి స్థానంలో సత్ప్రసాదం కోసం మోకరిస్తుంది. పొగ చూసి ఒక సన్యాసిని కేక పెట్టేసరికి చూసేవాళ్ళ మనసులో తీర్పు అయిపోతుంది. ఆలిస్‌కూ అలాంటి రెయిన్‌కోటు, అలాంటి మాస్కు ఉన్నాయి. అంతకుముందే చెల్లెల్ని పాడుబడ్డ భవనంలో బంధించి భయపెట్టింది. అన్నిటికీ మించి ఆమెకు ఒక 'గతం' ఉంది. తండ్రి వదిలి వెళ్ళాడు, తల్లి ప్రేమంతా చెల్లెలికే పోయింది. కేథరిన్ తోబుట్టువు ఆనీ మెట్ల మీద కత్తిపోట్లకు గురై, పొడిచింది ఆలిసే అని చెబుతుంది. పోలీసులు అబద్ధాలు పట్టే యంత్రానికి ఆ పిల్లను కట్టి ప్రశ్నలడుగుతారు. పొడిచింది కేరెన్ అంటుంది ఆలిస్. పిల్ల అబద్ధమాడటం లేదని యంత్రం చెబుతుంది. చనిపోయిన చెల్లెలి రూపంలో ఎవరో తిరుగుతున్నారని ఆ పిల్ల నిజంగా నమ్ముతున్నదేమోనన్న ఆలోచన పెద్దల్లో ఎవరికీ రాదు. ఆమెను మానసిక పరీక్ష కోసం ఆస్పత్రికి పంపిస్తారు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆలిస్ మీద అనుమానం బలపడింది కేవలం రెయిన్‌కోటు వల్ల కాదు, అది ఎవరైనా కొనుక్కోవచ్చు. ఆమె దెబ్బతిన్న పిల్ల కావడం వల్ల. ప్రేమ దక్కని పిల్ల అసూయతో చంపుతుందన్న సూత్రం పోలీసుల దగ్గరా ఉంది, బంధువుల దగ్గరా ఉంది, సినిమా హాల్లో కూర్చున్న మన దగ్గరా ఉంది. గాయమే కారణమన్న సూత్రాన్ని మనం సానుభూతి పేరుతో తెచ్చుకున్నాం. దర్యాప్తులో అదే సూత్రం ఒక నిరపరాధి పిల్ల మెడకు చుట్టుకుంది. నాకు తెలిసినంతలో ఈ చిక్కును ఇంత సూటిగా చూపిన హత్యల సినిమా మరొకటి లేదు. ఆలిస్ మంచి పిల్ల అని సినిమా ఎక్కడా అనదు. బొద్దింకలు పెంచుతుంది, చెల్లెల్ని ఏడిపిస్తుంది, కింద ఇంటి యజమానిని హడలగొడుతుంది. దురుసు పిల్ల, మొండి పిల్ల, గాయపడ్డ పిల్ల. ఇవన్నీ కలిపినా హంతకురాలు కాదు. పాత్రను ఇంత కటువుగా ఉంచి కూడా నిర్దోషిగా నిలబెట్టడానికి దర్శకుడికి ధైర్యం కావాలి. ముద్దుగా, దీనంగా ఉండే పిల్లయితే నమ్మడం తేలిక. పందొమ్మిదేళ్ళ పౌలా షెపర్డ్ పన్నెండేళ్ళ పిల్లగా నటిస్తూ మన అభిమానాన్ని ఒక్కసారైనా అడుక్కోదు.

కథ మూడింట రెండు వంతులు నడిచాక, ఇంకా చాలా సినిమా మిగిలి ఉండగానే, హంతకురాలెవరో చూపించేస్తాడు సోల్. ఫాదర్ ఇంట్లో వండిపెట్టే మిసెస్ ట్రెడోనీ. కేథరిన్ నుంచి విడిపోయిన భర్త డామ్‌ను ఫోన్ చేసి రప్పించి, పొడిచి, కట్టేసినప్పుడు అతను ఆమె మెడలోని కేరెన్ సిలువను పళ్ళతో తెంపి నోట్లో దాచుకుంటాడు. ఆమె చెప్పుతో అతని నోటి మీద ఎంత కొట్టినా వదలడు. శవపరీక్షలో ఆ సిలువ బయటపడ్డాకే ఆలిస్‌కు విడుదల. తర్వాత ట్రెడోనీ నోటినుంచే ఆమె గతం వింటాం. ఆమెకూ ఒక కూతురు ఉండేది. ఆ కూతురు మొదటి సత్ప్రసాదం రోజునే చనిపోయింది. తల్లిదండ్రుల పాపాలకు పిల్లలు శిక్ష అనుభవిస్తారని ఆ రోజు తనకు తెలిసిందట. ఇదిగో, పాత గాయం దొరికింది, లెక్క సరిపోయింది అనుకునే ప్రేక్షకుడు ఇక్కడ ఊపిరి పీల్చుకుంటాడు. కానీ ఆ మాటలు ఆమె ఎవరితో చెబుతోంది? కేథరిన్‌తో. కేథరిన్ కూతురు ఎప్పుడు చనిపోయింది? మొదటి సత్ప్రసాదం రోజునే. ఇద్దరు తల్లులు, ఒకే రకం చావు, ఒకే పండగ రోజు. గాయమే హంతకుల్ని తయారు చేసేటట్టయితే కేథరిన్ కూడా కత్తి పట్టాలి. ఆమె పట్టదు. ఏడుస్తుంది, కుంగిపోతుంది, పెద్దకూతురిని అనుమానించేవాళ్ళకు అడ్డు నిలుస్తుంది, మళ్ళీ చర్చికి వెళ్ళి మోకరిస్తుంది. కథ రాసినవాళ్ళు ఈ రెండు దుఃఖాలను తూకం వేసినట్టు పక్కపక్కన పెట్టడం యాదృచ్ఛికం అనుకోలేను. కారణం గాయం అయ్యే అవకాశాన్ని కథ నిర్మాణమే కొట్టేసింది.

మరి ఆ ఇద్దరి మధ్య తేడా ఏమిటి? ట్రెడోనీ తన దుఃఖానికి ఒక అర్థం దొరకబుచ్చుకుంది, కేథరిన్‌కు అలాంటి అర్థం దొరకలేదు. ఆ అర్థం ట్రెడోనీ సొంత బుర్రలో పుట్టింది కాదు. తల్లిదండ్రులు చేసిన పాపం పిల్లల్ని కట్టి కుడుపుతుందన్న మాట తెలుగు పాఠకుడికి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. బిడ్డ పోయిన ఇంటికి పరామర్శకు వచ్చి, వీధి మలుపు తిరగ్గానే 'ఎవరి ఉసురు తగిలిందో' అనుకుంటూ వెళ్ళేవాళ్ళు అన్ని మతాల్లోనూ ఉన్నారు. ప్యాటర్సన్ చర్చి చుట్టూ కూడా ఆ గాలే వీస్తుంది. కేథరిన్ పెళ్ళికి ముందటి సంబంధం, తర్వాతి విడాకులు అందరి లెక్కల్లోనూ ఉన్నాయి. ఒక చరిత్ర ముక్క ఈ సందర్భానికి పనికొస్తుంది. విడాకులు తీసుకుని మళ్ళీ పెళ్ళి చేసుకున్న కతోలికులను వెలివేసే నియమాన్ని అమెరికా బిషప్పులు 1884లో బాల్టిమోర్ సభలో పెట్టారు. అది 1977 దాకా అమలులో ఉంది. సినిమాలో మళ్ళీ పెళ్ళి చేసుకున్నది డామ్, కేథరిన్ కాదు. అంటే 1961లో చర్చి చట్టం ప్రకారం గీత దాటింది మగవాడు. అయినా 'పతిత' అన్న మాట పడింది ఒంటరిగా ఉండిపోయిన ఆడదాని మీద. ట్రెడోనీ మోసుకు తిరిగే తీర్పు చర్చి పుస్తకంలోది కాదన్నమాట. అరుగుల మీద, వంటగదుల్లో, బళ్ళోకి పిల్లల్ని దింపే చోట తయారయ్యే తీర్పు. ఆమె చేసిందల్లా అందరూ గొణుక్కునే దాన్ని కత్తితో అమలు చేయడం. ఆ గొణుగుడు లేకపోతే ఆమె దుఃఖం దుఃఖంగానే మిగిలి ఉండేదని నా నమ్మకం.

ఊరిని వదిలి తల్లిని పట్టుకునే అలవాటు మనకు ఎక్కడ అబ్బిందో వెతికితే 1960 నాటి 'సైకో' దగ్గరికి చేరతాం. హిచ్‌కాక్ సినిమాకు మూలం రాబర్ట్ బ్లాక్ 1959లో రాసిన నవల. బ్లాక్ అప్పట్లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని వేయవీగా అనే చిన్న ఊళ్ళో ఉండేవాడు. 1957 నవంబరులో అక్కడికి సుమారు 35 మైళ్ళ దూరంలోని ప్లెయిన్‌ఫీల్డ్‌లో ఎడ్ గీన్ అనే వ్యక్తిని అరెస్టు చేశారు. ఇద్దరు స్త్రీలను చంపాడు, సమాధులు తవ్వాడు. ప్లెయిన్‌ఫీల్డ్ వెయ్యి మందైనా లేని ఊరు. బ్లాక్‌ను పట్టి కుదిపిన ప్రశ్న గీన్ బాల్యం గురించి కాదు. పక్కింటి కూర కూడా అందరికీ తెలిసే ఊళ్ళో ఇన్నేళ్ళు ఇదంతా ఎవరికీ తెలియకుండా ఎలా జరిగిందన్నది అతని ప్రశ్న. కనిపించకుండా పోయిన స్త్రీ తన ఇంట్లోనే ఉందని గీన్ తన నోటితో అన్నా ఊళ్ళోవాళ్ళు పరాచికమనుకుని నవ్వేశారని ఆ కేసు చరిత్రలో ఉంది. ఎంత గొప్ప ప్రశ్న అది! నవల పూర్తయ్యేసరికి అది పక్కకు జరిగి, సినిమా పూర్తయ్యేసరికి మాయమైపోయింది. చివర్లో ఒక మానసిక వైద్యుడు గదిలో నిలబడి హంతకుడు నార్మన్ బేట్స్ తల్లి గురించి పెద్ద ఉపన్యాసం ఇస్తాడు. ఊరి గురించి మొదలైన విచారణ ఒక తల్లీకొడుకుల వ్యవహారంగా ముగిసింది. తర్వాత వచ్చిన వందల సినిమాలు ఈ ఉపన్యాసాన్నే ఫ్లాష్‌బ్యాక్‌గా మార్చుకున్నాయి. హిచ్‌కాక్ మాత్రం చివరి షాట్‌లో నార్మన్ ముఖాన్ని చూపిస్తూ ఆ ఉపన్యాసం చాలదన్నట్టు వదిలేశాడు. అనుకరించినవాళ్ళకు ఆ అనుమానం అంటలేదు.

'హాలోవీన్' సంగతి కూడా చూడండి. 1978లో జాన్ కార్పెంటర్ హాడన్‌ఫీల్డ్ అనే కల్పిత పట్టణంలో ఆరేళ్ళ మైకేల్ మయర్స్ చేత అక్కను చంపించాడు, కారణం చెప్పలేదు. 2007లో రాబ్ జాంబీ దాన్ని మళ్ళీ తీస్తూ ఆ ఖాళీని నింపాడు. తల్లితో ఉంటూ తిట్టిపోసే మగవాడు, బట్టలిప్పి ఆడే ఉద్యోగం చేసే తల్లి, బళ్ళో వేధించే పిల్లలు. ఇంత కథ చేర్చాక మైకేల్ మనకు ఎక్కువ అర్థమయ్యాడా? నాకైతే ఒక పేదింటి కుర్రాడి మీద, అతని తల్లి చేసే పని మీద ఉన్న చులకన మాత్రమే ఎక్కువ అర్థమైంది. 'వీళ్ళ ఇంట్లో పుడితే ఇలాగే అవుతారు' అనే మాటను మానసిక శాస్త్రం తొడుగు వేసి చెప్పినట్టయింది. పాత గాయం సూత్రం ఎప్పుడూ ఇటువైపే ఒరుగుతుంది. హంతకుడికి గతం కావాల్సి వచ్చినప్పుడు కథకుడి చెయ్యి అలవాటుగా వెళ్ళేది విడాకుల ఇంటికి, ఒంటరి తల్లికి, పేదవాడకు, వికలాంగుడి దగ్గరికి.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం తెలుసు. పసితనంలో హింస చూసినవాళ్ళు పెద్దయ్యాక హింసకు దిగే అవకాశం ఎక్కువని పరిశోధనలే చెబుతున్నాయి కదా, సినిమా చేసిన తప్పేమిటి అంటారు. పరిశోధనలు ఏం చెబుతున్నాయో సరిగ్గా చూద్దాం. క్యాథీ స్పాట్జ్ విడమ్ 1989లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో గట్టి పునాది. బాల్యంలో హింసకో నిర్లక్ష్యానికో గురైనట్టు కోర్టు రికార్డుల్లో ఉన్న 908 మందిని, అదే వయసు, అదే నేపథ్యం ఉన్న మరో 667 మందితో పోల్చింది ఆమె. హింసాత్మక నేరాల్లో అరెస్టయినవాళ్ళు మొదటి గుంపులో నూటికి 11 మంది, రెండో గుంపులో 8 మంది. తేడా ఉంది, దాన్ని కాదనడం లేదు. పిల్లల్ని కాపాడటానికి ఆ తేడా ఒక్కటే చాలినంత కారణం. కానీ మొదటి గుంపులోని మిగతా 89 మంది సంగతేమిటి? పైగా ఇక్కడ లెక్క వేసింది అన్ని రకాల హింసాత్మక నేరాలను, హత్య అందులో ఒక చిన్న భాగం. 1998లో ఫెలిటీ, అండా మొదటిసారి ప్రకటించిన అధ్యయనం శాన్ డియాగోలో మొత్తం 17,000కు పైగా పెద్దవాళ్ళను అడిగింది. దాదాపు మూడింట రెండు వంతుల మందికి బాల్యంలో ఏదో ఒక చేదు అనుభవం ఉందని తేలింది. వాళ్ళ మీద దాని దెబ్బ ఎక్కువగా ఎక్కడ కనబడిందంటే వాళ్ళ ఒంటి మీదే. గుండెజబ్బులు, తాగుడు, కుంగుబాటు, ఆత్మహత్యా ప్రయత్నాలు. గాయం చాలాసార్లు మనిషిని లోపలికే తినేస్తుంది. ఆ మాట చెప్పే సినిమాలు ఎన్ని, గాయపడ్డవాడు కత్తి పట్టుకుని వీధిలో తిరిగే సినిమాలు ఎన్ని?

రెండో అభ్యంతరం ఇంకా గౌరవించదగ్గది. హంతకుడికి గతం ఇవ్వడం అంటే వాణ్ణి మనిషిగా చూడటం, గతం తీసేస్తే మిగిలేది రాక్షసుడే, అది పాత కాలపు ఉరికంబం న్యాయానికి దారి తీస్తుంది అంటారు. ఈ ఆందోళన నాకూ ఉంది. కానీ గతం వద్దని నేననడం లేదు. గతం ఒక్కటే చాలనడాన్ని కాదంటున్నాను. మిసెస్ ట్రెడోనీని సోల్ రాక్షసిగా తీయలేదు. మిల్డ్రెడ్ క్లింటన్ నటనలో ఆమె మతి తప్పిన పెద్ద గురువుకు అన్నం పెడుతుంది, ఫాదర్ టామ్ బట్టలు సర్దుతుంది, చచ్చిన కూతురి మాట వస్తే గొంతు పూడుకుపోతుంది. ఆమె మీద జాలి కలుగుతుంది. ఆ జాలి ఆమె చేసిన పనిని వివరించేయదు, అంతే. దుఃఖంలో ఉన్న ఆడదాన్ని ఆ చర్చి చుట్టుపక్కలవాళ్ళు ఏళ్ళ తరబడి వంటింట్లో వదిలేశారు, ఆమె ఏమనుకుంటోందో ఎవరూ అడగలేదు, మంచివాడైన ఫాదర్ టామ్ కూడా. హంతకురాలిని మనిషిగా చూడటం అంటే నాకు తెలిసి ఇది. ఆమెతోపాటు అన్నం తిన్నవాళ్ళను కూడా చూపించాలి.

అయితే ఏ వివరణా ఇవ్వకుండా వదిలేయడం మేలా? అదీ కాదు. 1976లోనే వచ్చిన 'ది టౌన్ దట్ డ్రెడెడ్ సన్‌డౌన్' 1946లో టెక్సార్కానా పట్టణంలో నిజంగా జరిగిన హత్యల మీద తీసింది. ఐదుగురు చనిపోయారు, హంతకుడు ఈనాటికీ తేలలేదు. దర్శకుడు చార్లెస్ బి. పియర్స్ గోనెగుడ్డ ముసుగు వెనక ఎవరున్నారో చెప్పలేదు, చెప్పలేడు కూడా. హంతకుడికి గతం లేని ఆ సినిమాలో ఊరికి కూడా గతం లేదు. తలుపులకు గొళ్ళేలు బిగించుకునే అమాయకుల గుంపుగానే ఊరు కనిపిస్తుంది. చీకట్లోంచి వచ్చిన ఎవడో పరాయివాడు చంపాడు, మనందరం బాధితులం అన్న నమ్మకానికి ఆ పద్ధతి కూడా దారి తీస్తుంది. పాత గాయం సూత్రం హంతకుణ్ణి ఒక ఇంట్లో బంధిస్తే, ఈ పద్ధతి వాణ్ణి ఊరి బయటికి తోలేస్తుంది. ఊరు మాత్రం రెండిట్లోనూ చేతులు కడుక్కుంటుంది.

'ఆలిస్, స్వీట్ ఆలిస్' కతోలిక మతం మీద కక్షతో తీసిన సినిమా అన్న విమర్శ ఉంది. మతవిశ్వాసం ఉన్నవాళ్ళను ఆ సినిమా నొప్పిస్తుందన్నది నిజమే, చర్చిలో పిల్ల హత్యను చూపించడం తేలికైన సంగతి కాదు. కానీ మతమే హత్యకు కారణమని సినిమా చెప్పదు. కేథరిన్ కూడా నమ్మకస్తురాలే, చివరిదాకా. ఆ సినిమాలో లోపాలు వేరే చోట ఉన్నాయి. ఆలిస్ మీద చెయ్యి వేయబోయే ఇంటి యజమాని అల్ఫాన్సోను లావుపాటి ఒంటితో, పిల్లులతో, మురికి బట్టలతో చూపించి అసహ్యం పుట్టించడం చవకబారు పని. పిల్లల మీద చెయ్యి వేసే మగవాడు అలాగే ఉంటాడన్న భ్రమ చాలా ప్రమాదకరం, శుభ్రంగా ఇస్త్రీ బట్టలు వేసుకున్నవాళ్ళు దానివల్లే తప్పించుకుంటారు. ముఖం చూసి నేరం పోల్చకండని ఆలిస్ విషయంలో అంత గట్టిగా చెప్పిన దర్శకుడు అల్ఫాన్సో విషయంలో అదే తప్పు చేశాడు. ఈ సినిమాను మెచ్చుకునేవాళ్ళు దీన్ని దాటవేయకూడదు.

ఇక మన తెరమీదికి వస్తే ఈ సూత్రం మరింత బలంగా వేళ్ళూనుకుంది. తమిళం నుంచి తెలుగులోకి వచ్చిన 'అపరిచితుడు' (2005)లో చిన్నప్పుడు చెల్లెలి చావు చూసిన కుర్రాడు పెద్దయ్యాక ఇంకో మనిషిగా మారి చంపుతాడు. అక్కడ పాత గాయం హత్యలను వివరించడమే కాదు, వాటికి అనుమతి కూడా ఇస్తుంది. చూసేవాళ్ళు చప్పట్లు కొడతారు. 'రాక్షసుడు' (2019) దానికి రెండో ముఖం. తమిళ 'రాట్ససన్'కు రీమేక్ అయిన ఆ సినిమాలో బడి పిల్లల్ని చంపేవాడి గతం ఏమిటంటే వింత జబ్బు, తోటిపిల్లల ఎగతాళి, ఒక అమ్మాయి చేసిన అవమానం. ఆ గతం తెలిశాక మిగిలిన కథంతా వాణ్ణి పట్టుకోవడం మీదే నడుస్తుంది. శరీరంలో తేడా ఉన్న పిల్లవాణ్ణి ఏ బడిలోనైనా ఏడిపిస్తూనే ఉంటారు, అలాంటి పిల్లలు హాల్లో కూర్చుని ఆ సినిమా చూసే ఉంటారు. తమను ఏడిపించేవాళ్ళు ఇప్పుడు తమకు భయపడటానికి కొత్త కారణం దొరికిందని తప్ప వాళ్ళకు ఆ కథ ఇంకేం చెప్పింది? అజయ్ భూపతి తీసిన 'మంగళవారం' (2023) పల్లెటూరి హత్యలనూ ఒక స్త్రీ గాయాన్నీ కలిపి చెబుతూ, ఊరు ఆమెను ఎలా వెలివేసిందో కొంతైనా చూపించింది. ఆ మేరకు అది వేరే దారి. మన ఊళ్ళలో చేతబడి చేస్తున్నారని, బాణామతి పెట్టారని మనుషుల్ని చంపిన ఘటనలు తెలంగాణలోనూ ఆంధ్రలోనూ పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. ఒకరి బిడ్డ జబ్బుపడి పోతుంది, అది గాయం, నిజమైన గాయం. ఆ దుఃఖానికి ఫలానా ముసలిదే కారణమని చెప్పేది మాత్రం చుట్టుపక్కలవాళ్ళు. అందరూ కలిసి కొట్టాక ఎవరి బాల్యం గురించి ఫ్లాష్‌బ్యాక్ వేస్తాం? మిసెస్ ట్రెడోనీని ప్యాటర్సన్ నుంచి తీసుకొచ్చి ఏ పల్లెలో నిలబెట్టినా ఆమెకు భాష తప్ప కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ ఉండదు.

సినిమా ముగింపులో ఫాదర్ టామ్ పోలీసులు చెప్పినట్టే ట్రెడోనీకి సత్ప్రసాదం ఇవ్వడు. కేథరిన్‌కు ఇస్తాడు. పతితకు ఇచ్చి తనకు కాదన్నందుకు అరుస్తూ ఆమె అతని మెడలో కత్తి దింపుతుంది. ఆ గందరగోళంలో ఆలిస్ ట్రెడోనీ సంచి తీసుకుని నెత్తుటి కత్తిని అందులో వేసుకుని నడిచి వెళ్ళిపోతుంది. దీన్ని చూసి, గాయం ఒక తరం నుంచి ఇంకో తరానికి చేరింది, తర్వాతి హంతకురాలు ఆలిసే అని తేల్చడం చాలా సులువు. ఆ తేల్పును నేను ఒప్పుకోను. పిల్ల చేతిలో కత్తి ఉంది, నిజమే. ఆమె ఏమనుకుంటోందో మనకు తెలియదు. అంతకుముందు చాలాసేపు ఆ పిల్ల రెయిన్‌కోటును, మాస్కును, మొండితనాన్ని, ప్రేమ దక్కని బాల్యాన్ని కలిపి పెద్దవాళ్ళు ఆమెను హంతకురాలిగా తేల్చారు, తప్పని రుజువైంది. ఇప్పుడు కత్తిని చూసి మళ్ళీ అదే లెక్క వేసే ప్రేక్షకుడు ఆనీ పక్కన, ఆ పోలీసుల పక్కన నిలబడుతున్నాడు. మొదటి షాట్ నుంచి చివరి షాట్ దాకా ఆలిస్ ఎవరినీ చంపలేదు.